పార్టీలో ముస్లిం ప్రాతినిధ్యాన్ని ఎక్కడ కొలవాలి?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. 2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ ఆరుగురు ముస్లింలకు టికెట్లు ఇచ్చింది, 2025 అక్టోబరులో అజారుద్దీన్‌ను మంత్రిని చేసింది, అయినా పార్టీలో తమ మాట చెల్లడం లేదని ముస్లిం సీనియర్లు ఎందుకు అంటున్నారు, టికెట్ ఇచ్చాక ఓడిపోతే అది పార్టీ తప్పెలా అవుతుంది అన్నది మొదటిది. మండల స్థాయిలో మైనారిటీ సెల్ బాధ్యత మీకు ఇస్తామంటున్నారు, దాన్ని తీసుకుంటే ఎప్పటికైనా టికెట్ వరకు దారి పడుతుందా అన్నది రెండోది. పార్టీల సంస్థాగత వ్యవహారాలను, టికెట్ల కేటాయింపును చాలా ఏళ్లుగా దగ్గర నుంచి గమనిస్తున్నవాడిగా నాకు తెలిసినంత వివరంగా రాస్తాను. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. టికెట్ల సంఖ్యను బట్టి ఏదీ తేలదు. ఏ నియోజకవర్గం ఇచ్చారు, ఎంత ముందుగా ఇచ్చారు, ఆ నాయకుడు రేపు ఎవరికి జవాబుదారీగా ఉంటాడు అన్న మూడు విషయాలు చూస్తే పార్టీ ఉద్దేశం బయటపడుతుంది.

ఆ ఆరు స్థానాలను ఒక్కొక్కటిగా చూడండి. చార్మినార్, కార్వాన్, మలక్‌పేట, నాంపల్లి అప్పటికే మజ్లిస్ చేతిలో ఉన్నవి. ఈ నాలుగింటిలో మజ్లిస్‌ను ఓడించడం ఎంత కష్టమో కాంగ్రెస్ రాష్ట్ర కార్యాలయం గాంధీభవన్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. నాంపల్లిలో ఫిరోజ్ ఖాన్ ఏళ్ల తరబడి అక్కడే ఉండి పనిచేశారు కాబట్టి రెండు వేల పైచిలుకు ఓట్ల తేడా వరకు రాగలిగారు. అది ఆ అభ్యర్థి సొంత కష్టం. మిగిలిన మూడు చోట్ల టికెట్ ఇచ్చినప్పుడే ఫలితం ఏమిటో అందరికీ తెలుసు. పైగా పాత నగరంలో ఏ పార్టీ అధికారంలో ఉన్నా మజ్లిస్‌తో సత్సంబంధాలు కోరుకుంటుంది. 2014 నుంచి 2023 వరకు భారాస అలాగే ఉంది, తరువాత కాంగ్రెస్ కూడా అదే దారి పట్టింది. పై స్థాయిలో స్నేహం, కింది స్థాయిలో పోటీ అనే ఈ పరిస్థితిలో నలిగిపోయేది పాత నగరంలో జెండా మోసే ముస్లిం కార్యకర్తే. ఎన్నికలు అయిన మరుసటి రోజు నుంచి పోలీసు స్టేషన్‌లోనూ, జీహెచ్ఎంసీ కార్యాలయంలోనూ అతని మాట వినేవారు ఉండరు.

మిగిలిన రెండు స్థానాలు జూబ్లీహిల్స్, నిజామాబాద్ అర్బన్. జూబ్లీహిల్స్‌లో అజారుద్దీన్ భారాసకు చెందిన మాగంటి గోపీనాథ్ చేతిలో ఓడిపోయారు. అక్కడ మజ్లిస్ కూడా అభ్యర్థిని నిలబెట్టింది. నిజామాబాద్ అర్బన్‌లో షబ్బీర్ అలీ భాజపాకు చెందిన ధన్‌పాల్ సూర్యనారాయణ తరువాత రెండో స్థానంలో నిలిచారు. మీరు ఆ జిల్లావారే కాబట్టి ఈ రెండో కథ మీకు నాకన్నా బాగా తెలిసి ఉంటుంది. అయినా మొత్తం విషయానికి అది కీలకం కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను.

షబ్బీర్ అలీది కామారెడ్డి. 1989లో, మళ్లీ 2004లో అక్కడి నుంచే గెలిచారు. కామారెడ్డి ముస్లింలు మెజారిటీగా ఉన్న నియోజకవర్గం కాదు. పట్టణంలో వారి సంఖ్య చెప్పుకోదగినంత ఉన్నా చుట్టూ ఉన్న ఊళ్లలో రెడ్డి, ముదిరాజ్, మున్నూరు కాపు, దళిత ఓట్లే ఎక్కువ. అలాంటి చోట ఒక ముస్లిం నాయకుడు రెండుసార్లు గెలిచి, వైఎస్ మంత్రివర్గంలో విద్యుత్ శాఖ చూశారు. ఆ తరువాత 2014లోనూ, 2018లోనూ గంప గోవర్ధన్ చేతిలో ఓడినా నియోజకవర్గాన్ని వదిలిపెట్టలేదు. 2023లో కేసీఆర్ కామారెడ్డి నుంచి కూడా పోటీ చేస్తానని ప్రకటించడంతో, ఆయనపై రేవంత్ రెడ్డి నిలబడాలని పార్టీ నిర్ణయించింది. షబ్బీర్ అలీని నిజామాబాద్ అర్బన్‌కు పంపారు. చివరికి కామారెడ్డిలో భాజపాకు చెందిన కాటిపల్లి వెంకటరమణారెడ్డి గెలిచారు, కేసీఆర్ రెండో స్థానానికి, రేవంత్ రెడ్డి మూడో స్థానానికి పరిమితమయ్యారు. రాష్ట్రమంతటా ప్రచారానికి ఆ పోటీ ఊపునిచ్చిందని పార్టీ వాదించవచ్చు, ఆ వాదనలో కొంత నిజం ఉంది కూడా. కానీ ముప్పై ఏళ్లకు పైగా ఊరూరూ తిరిగి కట్టుకున్న నియోజకవర్గాన్ని ఖాళీ చేయించి, ఓట్లు మతం వారీగా చీలిపోయే పట్టణ స్థానానికి నామినేషన్ల వేళ పంపి, తరువాత ‘ముస్లిం అభ్యర్థి గెలవలేదు’ అని లెక్కలో రాసుకోవడం న్యాయం కాదు. 2024 జనవరిలో ఆయనకు ప్రభుత్వ సలహాదారు పదవి ఇచ్చారు. ఆ పదవికి హోదా ఉంటుంది, శాసనసభలో సీటు ఉండదు.

‘గెలిచే సత్తా’ అనే మాట టికెట్లకు పేర్లు వడపోసే స్క్రీనింగ్ కమిటీల్లో తరచుగా వినిపిస్తుంది. పార్టీ సర్వే చేయిస్తుంది. సర్వేలో ఎవరి పేరు ముందుంటే వారికి టికెట్ అంటుంది. అయితే సర్వేలో పేరు ముందుకు రావాలంటే ఆ మనిషి నాలుగైదేళ్లు నియోజకవర్గ ఇన్‌చార్జిగా ఉండాలి, పింఛను దగ్గర నుంచి పట్టాదారు పాసుపుస్తకం వరకు జనం అతని దగ్గరకు వచ్చి ఉండాలి, మండల అధ్యక్షులు అతని మాట మీద నడవాలి. ఇన్‌చార్జి బాధ్యత ఇవ్వకుండా సర్వేలో పేరు రాలేదంటే అది ఎటూ తెగని వాదన. శాసనసభ అభ్యర్థి ఖర్చుకు ఎన్నికల సంఘం పెట్టిన పరిమితి 40 లక్షల రూపాయలు. అసలు ఖర్చు దానికి ఎన్ని రెట్లో మీకూ తెలుసు. భూములు, కాంట్రాక్టులు, విద్యాసంస్థలు చేతిలో ఉన్న కులాలకు ఆ బరువు మోయడం తేలిక. తెలంగాణలో హైదరాబాద్ బయట ముస్లిం వ్యాపార వర్గం ప్రధానంగా చిన్న దుకాణాలు, మెకానిక్ షెడ్లు, రవాణా, గల్ఫ్ సంపాదన మీద ఆధారపడింది కాబట్టి ఈ పోటీలో మొదటి నుంచీ వెనకే ఉంటుంది.

నియోజకవర్గాల హద్దులు కూడా తమ పని తాము చేశాయి. జహీరాబాద్ నుంచి కాంగ్రెస్ తరఫున మహ్మద్ ఫరీదుద్దీన్ 1999లో, 2004లో గెలిచారు. వైఎస్ ప్రభుత్వంలో ఆయనా మంత్రిగా పనిచేశారు. పునర్విభజన తరువాత 2009లో ఆ స్థానం ఎస్సీలకు రిజర్వ్ అయింది. దళితులకు ప్రాతినిధ్యం రావడం అవసరమే, దానిపై నాకు అభ్యంతరం లేదు. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న స్థానాలు దేశంలో చాలా చోట్ల ఎస్సీ రిజర్వేషన్ కిందకు వెళ్లాయన్న విషయాన్ని 2006లో ముస్లింల స్థితిగతులపై వచ్చిన సచార్ కమిటీ నివేదిక కూడా ఎత్తి చూపింది. అసలు అడగవలసింది ఏమిటంటే, అలా స్థానం పోయిన నాయకుడికి పక్క నియోజకవర్గంలో చోటు చూపడానికి పార్టీ ఎంత శ్రద్ధ తీసుకుంటుంది అన్నది. ఇతర వర్గాల నాయకుల విషయంలో ఆ శ్రద్ధ కనిపిస్తుంది. ఫరీదుద్దీన్ తరువాత తెరాసలో (ఇప్పటి భారాస) చేరి శాసనమండలి సభ్యుడయ్యారు. నేరుగా ఓటర్ల ముందుకు వెళ్లి గెలిచే కాలం ఆయనకు జహీరాబాద్‌తోనే ముగిసింది.

‘మన దగ్గర పరిస్థితులే అంత’ అనేవారికి పక్క రాష్ట్రాన్ని చూపిస్తాను. 2011 జనగణన ప్రకారం తెలంగాణ ప్రాంతంలో ముస్లింలు సుమారు 12.7 శాతం, కర్ణాటకలో సుమారు 12.9 శాతం. దాదాపు ఒకే వాటా. 2023లోనే రెండు రాష్ట్రాల్లోనూ కాంగ్రెస్ గెలిచింది. కర్ణాటకలో 9 మంది ముస్లిం ఎమ్మెల్యేలు గెలిచారు, అందరూ కాంగ్రెస్ వారే. తెలంగాణలో 64 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో ఒక్క ముస్లిం కూడా లేరు; సభలో ఉన్న ఏడుగురు ముస్లింలూ మజ్లిస్ వారే. బెంగళూరులో శివాజీనగర్, శాంతినగర్, చామరాజపేట కాంగ్రెస్ ముస్లిం నాయకుల చేతిలో ఉన్నాయి. హైదరాబాద్‌లో అలాంటి స్థానాలన్నీ మజ్లిస్‌వి. ఇది నిజమైన తేడాయే, దీన్ని పార్టీ తప్పుగా చూపలేము. కానీ రామనగర వంటి, ముస్లింలు మెజారిటీ కాని స్థానంలో ఇక్బాల్ హుస్సేన్ దేవెగౌడ మనవడు నిఖిల్ కుమారస్వామిని ఓడించి గెలిచారు. జిల్లా నాయకత్వం ఒక ముస్లిం అభ్యర్థిని తన సొంత అభ్యర్థిగా భావించి వొక్కలిగ ఓటును కూడా మోసుకొచ్చింది కాబట్టి అది సాధ్యమైంది. మన దగ్గర కామారెడ్డిలో ఒకప్పుడు జరిగింది కూడా అదే.

ఇప్పుడు మంత్రి పదవి సంగతి. తెలంగాణ ఏర్పడిన తరువాత మహమూద్ అలీ 2014 నుంచి ఉప ముఖ్యమంత్రిగా, 2018 నుంచి హోం మంత్రిగా ఉన్నారు. ఆయన శాసనమండలి సభ్యుడు. 2023 డిసెంబరులో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చాక దాదాపు రెండేళ్లు మంత్రివర్గంలో ముస్లిం లేరు. సియాసత్ పత్రికకు చెందిన అమేర్ అలీ ఖాన్‌ను గవర్నర్ కోటాలో (ఎన్నిక లేకుండా, ప్రభుత్వ సిఫారసుతో గవర్నర్ నామినేట్ చేసే స్థానాల్లో) మండలికి పంపారు గానీ, ఆ నామినేషన్లపై నడిచిన వ్యాజ్యంలో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ఆయన సభ్యత్వం పోయింది. అదే ఆగస్టు చివర్లో అజారుద్దీన్ పేరును మంత్రివర్గం గవర్నర్ కోటాకు సిఫారసు చేసింది. అక్టోబర్ 31న మంత్రిగా ప్రమాణం చేసే నాటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు.

ఆ తేదీలను జూబ్లీహిల్స్ ఉప ఎన్నికతో కలిపి చూడాలి. గోపీనాథ్ 2025 జూన్‌లో మరణించారు. రెండేళ్ల కిందట అదే స్థానంలో పోటీ చేసిన అజారుద్దీన్ సహజంగానే మళ్లీ టికెట్ ఆశించారు. మండలి సిఫారసుతో ఆయన పోటీ నుంచి తప్పుకున్నట్లయింది, టికెట్ నవీన్ యాదవ్‌కు వచ్చింది, నవంబర్ 11 పోలింగ్‌కు సరిగ్గా పదకొండు రోజుల ముందు ప్రమాణ స్వీకారం జరిగింది. నవీన్ యాదవ్ గెలిచారు. ఆయన 2014లో ఇదే స్థానంలో మజ్లిస్ అభ్యర్థిగా రెండో స్థానం పొందారన్నది, ఈసారి మజ్లిస్ కాంగ్రెస్‌కు మద్దతిచ్చిందన్నది మన రాజకీయాల్లో మాత్రమే కనిపించే వింత.

ఇది రేవంత్ రెడ్డి కనిపెట్టిన ఉపాయమని అనుకోకండి. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో నంద్యాల ఉప ఎన్నిక వచ్చింది. ఎన్టీఆర్ కాలం నుంచీ నంద్యాలలో తెలుగుదేశానికి పనిచేసిన ఎన్.ఎం.డి. ఫరూక్ అక్కడ ఉన్నా టికెట్ భూమా బ్రహ్మానందరెడ్డికి ఇచ్చారు. ముస్లిం ఓట్లు ఎక్కువగా ఉన్న ఆ పట్టణంలో పోలింగ్ ముంగిట ఫరూక్‌కు గవర్నర్ కోటాలో మండలి సభ్యత్వం ప్రకటించారు, ఆ ఏడాదే మండలి చైర్మన్‌ను చేశారు. తెలుగుదేశం ఆ ఉప ఎన్నిక గెలిచింది. రెండు పార్టీలు, రెండు రాష్ట్రాలు, ఎనిమిదేళ్ల దూరం. పద్ధతి మాత్రం ఒక్కటే. ముస్లిం ఓటు అవసరమైన ఉప ఎన్నికలో సీటు వేరొకరికి, ముస్లిం నాయకుడికి పెద్దల సభ.

పెద్దల సభ తక్కువదని నేను అనడం లేదు. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మూడు రాజధానుల బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపాలని మండలి చైర్మన్‌గా ఎం.ఎ. షరీఫ్ తీసుకున్న నిర్ణయం రాష్ట్ర చరిత్రలో నిలిచిపోయింది. అయితే మంత్రిగా పనిచేసేటప్పుడు తేడా తెలుస్తుంది. నియోజకవర్గంలో లక్ష మంది ఓట్లతో గెలిచిన మంత్రి, ముఖ్యమంత్రితో భేదాభిప్రాయం వస్తే తన ఊరికి వెళ్లి కూర్చోగలడు. అతని వెనుక మండల అధ్యక్షులు, సర్పంచులు, కులసంఘాలు ఉంటాయి. గవర్నర్ కోటాలో వచ్చిన మంత్రికి అలాంటి ఊరు ఉండదు. అతన్ని నిలబెట్టింది నాయకుడు, దించగలిగేదీ నాయకుడే. సహజంగానే అతను తన వర్గం మాటను నాయకుడికి చెప్పడం కన్నా, నాయకుడి మాటను వర్గానికి చెప్పడంలోనే ఎక్కువ కాలం గడుపుతాడు. శాఖల్లోనూ ఇది కనిపిస్తుంది. కామారెడ్డి నుంచి గెలిచి వచ్చిన షబ్బీర్ అలీకి విద్యుత్ శాఖ దక్కింది. అజారుద్దీన్‌కు మైనారిటీ సంక్షేమం, ప్రభుత్వ రంగ సంస్థలు ఇచ్చారు. మహమూద్ అలీకి హోం శాఖ ఇచ్చారు కదా అని మీరు అనవచ్చు. పేరుకు హోం శాఖే. శాంతిభద్రతల నిర్ణయాలు ముఖ్యమంత్రి కార్యాలయం దాటి ఎంతవరకు వచ్చేవో ఆ కాలంలో సచివాలయం చూసినవారికి తెలుసు.

సంఖ్యను నమ్మవద్దని నేను ఎందుకు అంటున్నానో ఆంధ్రప్రదేశ్ 2024 ఫలితం మరోలా చూపిస్తుంది. వైకాపా ఏడుగురు ముస్లింలను శాసనసభకు నిలబెట్టింది, ఏడుగురూ ఓడారు. తెలుగుదేశం ముగ్గురినే నిలబెట్టింది. నంద్యాలలో ఫరూక్, మదనపల్లెలో షాజహాన్ బాషా, గుంటూరు తూర్పులో నసీర్ అహ్మద్, ముగ్గురూ గెలిచారు. దీన్ని బట్టి తెలుగుదేశం ముస్లింల పట్ల ఎక్కువ ఉదారంగా ఉందని గానీ, వైకాపా మోసం చేసిందని గానీ తీర్మానించడం తొందరపాటే అవుతుంది. తెలుగుదేశం కూటమి 175లో 164 గెలిచిన గాలి అది. ఆ గాలిలో ఏ పార్టీ వైపు నిలబడ్డాం అన్నదే ఎక్కువ మందికి ఫలితం రాసిపెట్టింది. 2014లో తెలుగుదేశానికి ఒక్క ముస్లిం ఎమ్మెల్యే లేరు, వైకాపాకు నలుగురు ఉన్నారు. ఆ నలుగురిలో ఇద్దరు, జలీల్ ఖాన్, చాంద్ బాషా, తరువాత తెలుగుదేశంలోకి వెళ్లారు. అయినా చంద్రబాబు మంత్రివర్గంలోకి ముస్లిం రావడానికి 2018 నవంబర్ దాకా ఆగవలసి వచ్చింది.

కడప ఉదాహరణ ఇంకా ఆసక్తికరం. 1994 నుంచి 2024 వరకు ముప్పై ఏళ్లు కడప ఎమ్మెల్యే ముస్లిమే. మొదట తెలుగుదేశం తరఫున ఖలీల్ బాషా, తరువాత కాంగ్రెస్ తరఫున అహ్మదుల్లా, ఆపైన వైకాపా తరఫున అంజాద్ బాషా. అన్ని ప్రధాన పార్టీలూ ఆ సీటును ముస్లింలదిగా ఒప్పుకున్నట్లే ఉండేది. ఇలాంటి ఆనవాయితీ మేలు చేస్తుంది, కీడూ చేస్తుంది. ఒక సీటు ఖాయంగా ఉంటుంది, కానీ ‘మీకు కడప ఉంది కదా’ అని జిల్లాలో మిగతా చోట్ల అడిగే నోరు మూతపడుతుంది. 2024లో తెలుగుదేశం మాధవీరెడ్డిని నిలబెట్టి గెలిచింది. రాతలో లేని ఒప్పందం ఒక ఎన్నికతో పోయింది, దాని బదులు మరో చోటు అడగడానికి ఆధారం ఏదీ మిగల్లేదు.

ఇదంతా పార్టీ దయ మీద ఎందుకు ఆధారపడింది అన్నది కొంచెం చెప్పాలి. 1949 మేలో రాజ్యాంగ సభ మత మైనారిటీలకు చట్టసభల్లో రిజర్వుడు స్థానాలు వద్దని నిర్ణయించింది. బేగం ఐజాజ్ రసూల్ వంటి ముస్లిం సభ్యులే దాన్ని సమర్థించారు. మెజారిటీ సమాజం, పార్టీలు సద్భావంతో చోటు ఇస్తాయన్న నమ్మకం దాని వెనుక ఉంది. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్న చర్చలోకి నేను వెళ్లను. దాని ఫలితంగా చట్టసభ తలుపు తాళం పార్టీ చేతికి వెళ్లింది. నామినేషన్ల చివరి రోజు మూడు గంటల లోపు రిటర్నింగ్ అధికారికి అందే బీ-ఫారం (పార్టీ అధికారిక అభ్యర్థి ఎవరో తెలిపే పత్రం) మీద ఎవరి పేరు ఉందన్నదే అసలు ఎన్నిక అయింది. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక సభలో ఓటు కూడా పార్టీ జారీ చేసే ఆదేశమైన విప్ చేతిలోకి వెళ్లింది. కాబట్టి ఒక ముస్లిం ప్రతినిధి ప్రభావం చూపగలిగే చోటు సభ కన్నా ముందు, పార్టీ నిర్ణయం తీసుకునే గదిలోనే ఉంది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో 288–232 ఓట్లతో నెగ్గింది. తెలుగుదేశం కొన్ని సవరణలు సూచించి, తరువాత అనుకూలంగా ఓటు వేసింది. ఆ సవరణల వల్ల బిల్లు మెరుగైందా లేదా అన్నది వేరే చర్చ. పార్టీలోని ముస్లిం నాయకులకు అక్కడ ఉన్న అవకాశం సవరణలు అడిగే దాకానే, ఓటు ఎటు వేయాలన్నది వారి చేతిలో లేదు. బిహార్‌లో జనతాదళ్ (యు)లో కొందరు ముస్లిం నాయకులు అప్పుడు రాజీనామా చేశారు, పార్టీ వైఖరి మారలేదు.

లోపల ఉండి నిరసన తెలిపినవారూ ఉన్నారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో మహారాష్ట్రలోని 48 స్థానాల్లో కాంగ్రెస్ కూటమి ఒక్క ముస్లింను కూడా నిలబెట్టలేదని ఆరిఫ్ నసీం ఖాన్ ప్రచార కమిటీకి రాజీనామా చేశారు. దేశమంతటా ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ 19 మంది ముస్లింలను నిలబెడితే ఏడుగురు గెలిచారు. లోక్‌సభలో మొత్తం ముస్లిం సభ్యులు 24 మంది, 1980లో వారు 49 మంది. తెలుగు నేలలో హైదరాబాద్ కాకుండా వేరే స్థానం నుంచి ముస్లిం లోక్‌సభకు వెళ్లిన సందర్భాలు వెతికితే 1991లో గుంటూరు నుంచి ఎన్.జి. రంగా వంటి వారిని ఓడించిన లాల్‌జాన్ బాషా, 2004లో హిందూపురం నుంచి నిజాముద్దీన్ వంటి కొందరే గుర్తుకు వస్తారు. ఆ తరువాత ఆ జాబితా పెరగలేదు.

పార్టీ రాజ్యాంగంలో రాసుకున్న నియమాలు ఉన్నాయి కదా అంటే, ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో రాయపూర్ ప్లీనరీలో కాంగ్రెస్ తన కమిటీల్లో సగం పదవులు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, మహిళ, యువతకు ఇవ్వాలని సవరణ చేసింది. చదవడానికి బాగుంటుంది. అయితే ఆ సగం అందరికీ ఉమ్మడి వాటా; ఓబీసీ యువకులతోనో, మహిళలతోనో నిండిపోయినా నియమం పాటించినట్లే. మైనారిటీలకు ఇంత అని విడిగా రాయనంత వరకు ఎవరూ ఎవరినీ నిలదీయలేరు. నిలదీయడానికి పార్టీ బయట చట్టమూ లేదు. పార్టీల అంతర్గత ఎన్నికలను, పదవుల పంపకాన్ని గట్టిగా నియంత్రించే నిబంధన ప్రజా ప్రాతినిధ్య చట్టంలో కనిపించదు.

మన వైపు లోటు కూడా చెప్పకపోతే జవాబు ఒంటి కంటిది అవుతుంది. తెలంగాణ ప్రభుత్వం ఇటీవల చేసిన కులగణన ప్రకారం రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతం, అందులో బీసీ ముస్లింలే 10.08 శాతం. అంటే ప్రతి ఐదుగురిలో నలుగురు. వీరిలో చాలామంది 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఇ జాబితాలోని షేక్, ఖురేషీ, హజాం, ఫకీర్, అత్తరు సాయిబుల వంటి పద్నాలుగు వర్గాలకు చెందినవారు. దూదేకులవారు అంతకు ముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొగల్ వంటివారు ఆ రిజర్వేషన్‌లో లేరు. పార్టీలు ‘ముస్లిం నాయకుడు’ అని పిలిచి వేదిక మీద కూర్చోబెట్టేవారి జాబితా రాసి చూడండి. ఈ నిష్పత్తి అక్కడ తలకిందులుగా ఉంటుంది. గ్రామాల్లో దూదేకుల కుటుంబాలకు పార్టీలో ఎక్కడ చోటు అన్న ప్రశ్న ముస్లిం నాయకులు కూడా అడగరు. మహిళల సంగతి మరీ అన్యాయం. 1960లోనే సంజీవయ్య మంత్రివర్గంలో మాసూమా బేగం మంత్రిగా ఉన్న రాష్ట్రంలో, 2024లో గుంటూరు తూర్పు నుంచి నూరి ఫాతిమా పోటీ చేయడం పెద్ద విశేషంగా చెప్పుకునే స్థితికి వచ్చాం.

పార్టీ వైపు వాదనను కూడా సూటిగా చెబుతాను. నియోజకవర్గంలో ముస్లిం అభ్యర్థి ఉంటే భాజపాకు ప్రచారం తేలిక అవుతుందని, హిందూ ఓటు ఒకవైపు వెళుతుందని నాయకత్వం భయపడుతుంది. నిజామాబాద్ అర్బన్ ఫలితాన్నే దానికి రుజువుగా చూపుతారు. ఈ భయం పూర్తిగా నిరాధారం కాదు. కానీ బోధన్‌లో షకీల్ ఆమిర్ 2014లోనూ, 2018లోనూ తెరాస తరఫున గెలిచారు, అదీ మీ జిల్లాలోనే. ఆయన ఓడిపోయినది 2023లో, ప్రభుత్వమే మారినప్పుడు. గ్రామీణ ఓటు పెద్దగా ఉన్న చోట, పార్టీ గుర్తు బలంగా ఉన్న చోట, అభ్యర్థికి కాలం దొరికిన చోట మతం అంత పెద్ద అడ్డంకి కాలేదు; పట్టణ స్థానంలో, చివరి నెలలో దించిన చోట అయింది. నా అనుభవంలో ఈ తేడాను స్క్రీనింగ్ కమిటీలు చూడవు, అడిగేవారు కూడా చూపించరు.

ఇక మీ రెండో ప్రశ్న. మైనారిటీ సెల్ పదవి వల్ల మీకు జరిగే మేలు ఏమిటంటే జిల్లా నాయకులకు ముఖం తెలుస్తుంది, షాదీ ముబారక్ దరఖాస్తులు, మైనారిటీ గురుకులాల్లో సీట్లు, శ్మశాన వాటిక ప్రహరీ వంటి పనుల్లో నలుగురికి ఉపయోగపడతారు. ఆ పనులు చిన్నవి కావు. కానీ సెల్‌లో ఉన్నవారి దగ్గరకు ముస్లింలే వస్తారు, ముస్లింల కోసమే పిలుస్తారు. రంజాన్‌లో ఇఫ్తార్ ఏర్పాట్లు, ఎన్నికలప్పుడు మసీదుల దగ్గర ప్రచారం, అంతే. పదేళ్లు గడిచాక మీ పేరు సర్వేలో ఎక్కడా ఉండదు, ఎందుకంటే మీ మండలంలో రెడ్డికో, గౌడ్‌కో, మాదిగకో మీతో ఎప్పుడూ పనిపడి ఉండదు. సెల్ నుంచి ఎమ్మెల్యే టికెట్ వరకు నడిచి వెళ్లినవారు నాకు ఒక్కరు కూడా గుర్తుకు రావడం లేదు. ప్రధాన కమిటీల్లో, వార్డులో, మార్కెట్ కమిటీలో, సహకార సంఘంలో పనిచేసి వచ్చినవారే గుర్తుకు వస్తున్నారు.

కాబట్టి నేనైతే సెల్ పదవిని తిరస్కరించను గానీ, దానితో పాటు మండల పార్టీ ప్రధాన కమిటీలో ప్రధాన కార్యదర్శి స్థాయి బాధ్యతో, కనీసం నాలుగైదు పోలింగ్ బూత్‌ల బాధ్యతో అడుగుతాను. ఆ బూత్‌లలో ముస్లిం ఓట్లు తక్కువగా ఉన్నవి రెండైనా ఉండాలని పట్టుబడతాను. ఓటరు జాబితా చేతికి తీసుకుని ప్రతి ఇంటికీ వెళ్లండి, ఎన్నికలు లేని రోజుల్లో వెళ్లండి. రాబోయే స్థానిక ఎన్నికల్లో మీకు బీసీ-ఇ సర్టిఫికెట్ ఉంటే బీసీ స్థానంలో పోటీకి అర్హత ఉంటుంది. పార్టీలోనే కొందరు అది ‘అసలు బీసీల’ సీటని అడ్డుపడతారు, అప్పుడు వాదించడానికి పనికొచ్చేది మీ బూత్‌లలో వచ్చిన ఓట్ల లెక్కే. సెల్ జిల్లా నాయకుడు మాత్రం మీరు ప్రధాన కమిటీ అడుగుతున్నారని తెలిస్తే మొదట మీ మీదే కోపగించుకుంటాడు, దానికి సిద్ధపడి వెళ్లండి.